బొండం పచ్చ, కొబ్బరి తెలుపు

మా అత్తగారు పోయిన నెలలో ఒక శుక్రవారం నిద్రలోనే పోయారు. పొద్దున్నే కాఫీ పట్టుకెళ్లిన నేనే మొదట చూశాను. గ్లాసు బల్ల మీద పెట్టి, మా ఆయన్ని పిలవడానికి ముందు కాసేపు అక్కడే నిలబడిపోయాను. కాపరానికి వచ్చిన ముప్ఫై ఏళ్లలో నా కాఫీకి ఆవిడ వంక పెట్టని రోజు అదొక్కటే.

మధ్యాహ్నానికల్లా ఫోన్లలో కబురు తిరిగింది. మా చినమావయ్యగారి అబ్బాయి రాసి పంపాడు. ఫలానావారి సతీమణి, ఫలానావారి మాతృమూర్తి, ఫలానావారికి స్వయానా వదినగారు పరమపదించారని. ఐదు వరసల కబురులో ముగ్గురు మగవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. ఆవిడ పేరు చిట్టచివర బ్రాకెట్లో ఉంది. ఎనభై రెండేళ్లు బతికిన మనిషిని బ్రాకెట్లో సర్దేశారు. చదవగానే నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నది ఆ కోపంతోనే. ఏడుపుగొట్టు మాటలు ఆవిడకి గిట్టవు కనక వాటి జోలికి పోను.

మాది కొత్తపేట దగ్గర కాలవ పక్క ఊరు. వరి, కొబ్బరి తప్ప మాకు వేరే లోకం తెలీదు. ఇంట్లో ఒక పాత కారు ఉంది. అరవై ఏళ్ల పైమాటే. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. మా వైపు దాన్ని గుండ్రటి కారనేవారు. ఫ్యాక్టరీ నుంచి అది రెండు రంగుల్లో వచ్చిందట. కిటికీల కింద బండి పొడుగునా ఒక స్టీలు పట్టీ ఉంటుంది. దాని దిగువంతా లేత బొండం పచ్చ, ఎగువంతా, కప్పుతో సహా, కొబ్బరి లోపలి తెలుపు. ఇదంతా అత్తగారి నోట విన్నదే. నేను కోడలిగా వచ్చేసరికి కారు మొత్తం సున్నం కొట్టిన గోడలా ఉండేది. దాని పక్కన మావగారు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఉంది గానీ అది నలుపూ తెలుపూ ఫొటో. అందులో గీత కనపడుతుంది, రంగులు కనపడవు.

కారు కొత్తగా వచ్చిన రోజుల్లో అత్తగారు ప్రతి శుక్రవారం ఇంటి గడపలతో పాటు దాని తలుపులు తీస్తే కనపడే కింది అంచులకీ పసుపు రాసి బొట్లు పెట్టేవారట. ఇదేం ఆచారమని ఒకసారి నవ్వాను.

"ఇంటికి ఎన్ని గడపలుంటే అన్నిటికీ రాస్తాం కదా. దానికి మాత్రం నాలుగు లేవేంటి?" అన్నారు. ఆవిడ లెక్కకి ఎదురు చెప్పినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు.

మావగారు గుండెనొప్పితో పోయేనాటికి ఆవిడకి నలభై నిండలేదు. మా ఆయన అప్పటికి హైస్కూల్లో ఉన్నారు. రెండు నెలలు తిరగకుండా మా చినమావయ్యగారు, అంటే మావగారి తమ్ముడు, కారు పట్నం తీసుకెళ్లి మొత్తం తెల్లరంగు వేయించి తెచ్చారు. "అన్నయ్యే లేనప్పుడు రంగుల బండేంటి? పదిమందీ ఏమనుకుంటారు?" అన్నారట. అదే వారంలో పెద్ద ముత్తైదువులు వచ్చి ఆవిడ పెట్టెలోని రంగు చీరలు తీయించి, డజను తెల్లచీరలు పెట్టి వెళ్లారు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అందరూ మంచికే చేశారు. "ఒక్క వారంలో ఇద్దరికీ రంగు తీసేసేరు. నన్నడగలేదు, దాన్నీ అడగలేదు. అడిగి చేసే మంచి వేరు, అడక్కుండా చేసే మంచి వేరు," అనేవారు అత్తగారు. ఈ మాట నేను కనీసం వందసార్లు విని ఉంటాను.

ఆ తరవాత కారు అమ్మేద్దామన్నారు. ఆవిడ తాళాలు కొంగున ముడేసుకున్నారు. పాత డ్రైవరుని పక్కన కూచోబెట్టుకుని, కాలవ గట్టు మీద నెల రోజుల్లో నడపడం నేర్చుకున్నారు. ఒకసారి ముందు చక్రం గట్టు దాటి గాల్లో తేలిందట. డ్రైవరు దూకేశాడు, ఆవిడ దూకలేదు. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్లు సైకిలు తొక్కితేనే చెప్పుకునేవారు. తెల్లచీర కట్టుకున్న మనిషి తెల్లకారులో ధాన్యం కొట్టుకీ బ్యాంకుకీ తిరుగుతుంటే నోళ్లు ఊరుకుంటాయా? ఆవిడ మాత్రం ప్రతి వంతెన దగ్గరా హారను కొట్టుకుంటూ వెళ్లిపోయేవారు. శనివారం వస్తే వీధిలో ముసలమ్మలందరినీ ఎక్కించుకుని వాడపల్లి వెంకన్న గుడికి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, "అదేం చేసిందమ్మా నిన్ను?" అని అడిగేవారు.

అలా నలభై ఏళ్లు నడిపారు, తెలుపుతోనే. ఎవరిమీదా అరిచింది లేదు. కానీ ఏ ఊళ్లో పెయింటింగు షెడ్డు కనపడినా బండి ఆపేవారు. "రెండు రంగులు, కంపెనీ వేసినట్టే వెయ్యాలి, వేస్తారా?" అని అడిగేవారు. మొత్తం ఒకటే రంగు కొట్టేద్దామండి, పెళ్లిళ్లకి బాగుంటది అనేవారు వాళ్లు. ఆవిడ దణ్ణం పెట్టి వచ్చేసేవారు.

మా అమ్మాయి పెళ్లి కుదిరిన రోజు కథ అసలు మలుపు తిరిగింది. శ్రావణంలో ముహూర్తం, అమలాపురంలో కళ్యాణమండపం. హాల్లో అందరూ కూర్చుని ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. చినమావయ్యగారు, "పెళ్లికూతుర్ని మన కారులోనే తీసుకెళ్దాం. పూలు కడితే తెల్లకారు బ్రహ్మాండంగా ఉంటది. డ్రైవరుని మాట్లాడతాను. వదినగారు వెనక వ్యానులో పెద్దవాళ్లతో వచ్చేస్తారు," అన్నారు. చెడ్డగా అనలేదు. ఫ్యాన్లు ఎన్ని, కుర్చీలు ఎన్ని అన్నట్టే అన్నారు. భర్తపోయిన మనిషి పెళ్లికూతురికి ఎదురు రాకూడదన్న సంగతి నోటితో చెప్పక్కర్లేని ఇల్లు మాది.

అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. "నా మనవరాలిని నేనే తీసుకెళ్తాను. నా కారులో. దాని రంగుల్లో," అన్నారు. ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

పెళ్లికి అప్పటికి మూడు నెలల గడువుంది. పెయింటరు రాజోల్లో దొరికాడు. నలభై ఏళ్ల మనిషి. కువైట్‌లో పాత కార్లు బాగుచేసే గ్యారేజీలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, ఇక్కడ ఆటోలకీ ట్రాక్టర్లకీ రంగులు వేసుకుంటున్నాడు.

"నేను చేస్తానని ఎవరు చెప్పేరండి?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. ఇప్పటికి చాలామంది చెయ్యలేమన్నారు. నువ్వు కూడా అనేస్తే ఇంటికెళ్లిపోతాను."

అతను నవ్వి, స్టీలు పట్టీ జాగ్రత్తగా ఊడదీశాడు. దాని కింద ఉన్న తెల్లరంగుని తడిపిన గరుకు వాటర్ పేపర్‌తో కాసేపు రుద్ది, గోరు ఆనించి చూశాడు. "మెట్టు తగుల్తోందమ్మగారండి. పైరంగు ముందు కొట్టి, దాని అంచు మీదకి పచ్చ ఎక్కించేరు కంపెనీవోళ్లు. మనం కూడా అదే వరసలో వెళ్లాలండి." ఆవిడ కూడా గోరు పెట్టి చూశారు. ఉన్నట్టుండి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ కళ్లు చెమర్చడం నేను చూసింది చాలా తక్కువ. ఇది అందులో ఒకటి.

తెల్లరంగు తీయడానికే నెల పట్టింది. రంగు ఊడదీసే మందు పోస్తే పూటలో ఊడిపోతుందట, కానీ అడుగునున్నది కూడా పోతుంది. అందుకని మొత్తం చేత్తోనే, నీళ్లు పోసుకుంటూ, పొర పొరా రుద్దాడు. అత్తగారు వారానికి మూడురోజులు నన్ను వెంటేసుకుని మా చిన్న కారులో రాజోలు వెళ్లేవారు. ఒకరోజు పీట వేసుకుని తనే ఒక తలుపు రుద్దడం మొదలుపెట్టారు. పెయింటరు కంగారుపడి, "మీకెందుకండీ బాబూ," అన్నాడు. "ఇది నా మీద కూడా వేసేరు నాయనా. కొంచెం నన్నూ తియ్యనీ," అన్నారు. సాయంత్రానికి వేళ్లు నాని ముడతలు పడ్డాయి, తలుపు మీద అరచెయ్యంత పచ్చ బయటపడింది. లేత బొండం పచ్చే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఉంది.

పచ్చ దొరికింది గానీ పైరంగుకి ఆనవాలు దొరకలేదు. తెలుపు వేయించినప్పుడు తుప్పు పట్టిందని పట్టీకి ఎగువంతా ఇనుము కనపడేదాకా గీకేశారు, పట్టీ కింద మిగిలిన సన్నటి అంచు తుప్పు మరకలకి రంగు తెలియకుండా పోయింది. మిగిలింది తలుపుల కింది అంచులే. అక్కడ కంపెనీ పైరంగే వేసింది, చినమావయ్యగారి తెలుపు అక్కడిదాకా రాలేదు. పెయింటరు ఆ అంచుని పాలిష్ పట్టి, రాజమండ్రి కొట్లో దానికి సరిపోయే రంగు కలిపించుకొచ్చాడు. చక్కటి జున్ను రంగు.

అత్తగారు రేకుముక్క మీద నమూనా చూసి, "ఇంత పసుపుపచ్చగా ఉండేదా?" అన్నారు.

"పాతరంగులు ముదురుతాయండి. అయినా బండి మీద ఉన్నది అబద్ధం చెప్పదు కదండి."

"నేను కొబ్బరి తెలుపనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

"నలభై ఏళ్లయిపోయింది కదమ్మగారండి."

ఆవిడ రేకుముక్కని ఎండలో తిప్పి చూసి, సరే కానివ్వమన్నారు. తన జ్ఞాపకం మీద సాక్ష్యం గెలిచిందంటే ఒప్పుకునే మనిషి ఆవిడ. కప్పు, దాన్ని మోసే స్తంభాలు, పైభాగమంతా జున్ను రంగు పడింది. తరవాత దిగువన పచ్చ. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. చినమావయ్యగారు కూడా వచ్చి చుట్టూ తిరిగి, "మొత్తానికి బాగానే వచ్చింది," అని ఒప్పుకున్నారు. పెళ్లికి ఇంకా పధ్నాలుగు రోజులున్నాయి. ఆవిడ మాత్రం ఆ కప్పు వంక చూసి చూసి ఏమీ అనకుండా ఇంటికొచ్చేవారు.

రెండు రోజులకి ముసురు పట్టింది. షెడ్డు రేకులు కారి, కారులోకి వెనక అద్దం పక్కనుంచి నీళ్లు దిగాయి. ఆ అద్దం పగిలితే మళ్లీ ఎక్కడా దొరకదని పెయింటరు దాన్ని తీయకుండా చుట్టూ టేపు అంటించి రంగు కొట్టాడు. ఇప్పుడు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు మార్చక తప్పలేదు. భయపడుతూనే అద్దం దించాడు. ఆ పొద్దున్నే ఫోను చేశాడు.

"అమ్మగారండి, ఓసారి రావాలండి. నేను తప్పు చేసేనండి."

వెళ్లాం. రబ్బరు కింద, అద్దం చుట్టూ, వేలెడు వెడల్పున అసలు రంగు ఉంది. ఎండా వానా తగలకుండా ఫ్యాక్టరీలో వేసింది వేసినట్టే ఉంది. అది జున్ను రంగు కాదు. కొబ్బరి తెలుపు.

అత్తగారు కారు చుట్టూ తిరిగి తలుపు తీసి, కింది అంచు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏమైనా వాసన వచ్చిందో లేదో నాకు తెలీదు. "తప్పు నీది కాదబ్బాయ్. నాది. ఇది నేను రాసిన పసుపు," అన్నారు. "ఇంటి గడపకైతే నీళ్లతో రాస్తాం. ఇనుము కదా, తుప్పు పడద్దని దీనికి కొబ్బరినూనెలో కలిపి రాసేదాన్ని. ప్రతి శుక్రవారం, ఆయన ఉన్నన్నాళ్లూ. తాగేసింది రంగు."

ఏళ్ల తరబడి నూనెపసుపు తాగిన అంచుని చూసి మేం కారు కప్పు మొత్తం ఆ రంగు కొట్టాం. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ క్షణంలో నాకు ఆ జున్ను రంగు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "ఉంచేద్దాం అత్తయ్యగారూ. మీ పసుపే కదా అది. మావయ్యగారు ఉన్నప్పుడు మీరు రాసిన పసుపు. ఇంతకన్నా గుర్తు ఏముంటుంది చెప్పండి? పన్నెండు రోజులే ఉంది పెళ్లికి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. చాలా గొప్ప మాట అన్నాననుకున్నాను.

ఆవిడ నా వంక చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "నా పసుపు సంగతి నాకొదిలెయ్యమ్మా. దాని రంగు తెలుపని ఆవేళ మీ చినమావయ్య నిర్ణయించేరు. ఇవాళ పసుపని నేను నిర్ణయిస్తే ఆయనకీ నాకూ తేడా ఏంటి?"

ఇప్పటికీ మనుషుల విషయంలో, ముఖ్యంగా నా పిల్లల విషయంలో, నేను ఏదైనా నిర్ణయించే ముందు ఆ ప్రశ్న ఒకసారి అడ్డం వస్తుంది. ఆవిడ నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదే.

పెయింటరు తల గోక్కున్నాడు. "ముసుర్లో కొడితే రంగు పొగపట్టేస్తదండి, మెరుపు పోయి మసకేసేస్తది. గాల్లో చెమ్మ లేని చోటు కావాలండి. కోనసీమలో శ్రావణమాసంలో అలాంటి చోటు ఎక్కడుంటదండి?"

"ఉంటది," అన్నారు ఆవిడ.

ఆవిడ తమ్ముడికి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. బాయిలరు పక్క గోడౌను ఏ కాలంలోనైనా పొడిగా, వెచ్చగా ఉంటుంది. వెనక అద్దం లేకుండానే, ఆ కన్నానికి పట్టా కట్టుకుని, అత్తగారు కారుని అక్కడికి నడుపుకెళ్లారు. వేడి దొరికింది, కానీ మిల్లంటే ఊక దుమ్ము. తడిరంగు మీద ఒక్క నలక పడితే చాలు. ప్లాస్టిక్ పట్టాలు కడితే ఆ వేడికి లోపల మనిషి ఉడికిపోతాడన్నాడు పెయింటరు. గాలి ఆడాలి, దుమ్ము ఆడకూడదు.

ఆవిడ ఇంటికొచ్చి పెట్టె తీశారు. నలభై ఏళ్లుగా కట్టిన తెల్లచీరలు, కట్టకుండా దాచినవి, ఏడాదికోసారి చుట్టాలు తెచ్చిపెట్టినవి, అన్నీ నూలువే. ఆ మధ్యాహ్నం నేనూ ఆవిడా కూర్చుని వాటిని అంచుకి అంచు కలిపి కుట్టాం. మిల్లు దూలాలకి తాళ్లు కట్టి, కారు చుట్టూ నాలుగువైపులా, పైనా దించాం. మొత్తం ముప్ఫై నాలుగు చీరలు. లోపల బల్బు వెలిగిస్తే కారు ఆ తెలుపు మధ్యలో కూర్చుని ఉంది.

చినమావయ్యగారికి కబురు తెలిసి అక్కడికే వచ్చారు. చీరల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఈ పంతం ఎందుకు వదినగారూ? బాగానే ఉంది కదా రంగు," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "ఆ రోజు నేను కావాలని చెయ్యలేదండి. ఆ కారు చూస్తే అన్నయ్య దిగి వస్తున్నట్టుండేది. చూడలేకపోయేను," అన్నారు. నలభై ఏళ్లలో ఆయన ఈ మాట చెప్పడం అదే మొదలు. నాకు ఆయన మీద జాలేసింది.

అత్తగారికీ వేసిందనుకుంటాను. కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. అయినా మాట మాత్రం మెత్తబడలేదు. "మీరు చూడలేకపోతే కళ్లు మూసుకోవాల్సింది చిన్నబ్బాయిగారూ. నాకు చూడాలని ఉండేది. రోజూ చూడాలని ఉండేది." ఆయన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయారు.

జున్ను రంగు తీయడానికి మూడు రోజులు, కొబ్బరి తెలుపు వేయడానికి రెండు రోజులు, ఆరడానికి మూడు రోజులు. అంచు కలిసేచోట పచ్చ మళ్లీ ఎక్కించాలి. పెయింటరు తొందరపడి ఒక పూట ముందే టేపు అంటిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "తొందరపడ్డ రంగూ, తొందరపడ్డ మాటా, ఆరేక తెలుస్తాయి," అన్నారు. పని అయ్యాక చీరలు విప్పితే వాటినిండా పచ్చ తుంపరలు. మడతపెట్టబోతుంటే నా చేతిలోంచి తీసుకుని పెయింటరుకి ఇచ్చేశారు. "మంచి నూలు. తుడుచుకోడానికి పనికొస్తాయి." అతను ఆ మూటని రెండు చేతులా పుచ్చుకున్నాడు.

పెళ్లినాడు ఆవిడ ఊదారంగు పట్టుచీర కట్టుకుని వచ్చి కారు తలుపు తీశారు. రంగుచీర ఆవిడ ఒంటిమీద నేను చూడటం అదే మొదటిసారి. చీర గురించి ఎవరూ ఏమీ అనకముందే, "చీర గురించి ఎవరూ ఏమీ అనక్కర్లేదు," అన్నారు. వెనక సీట్లో మా అమ్మాయి, నేను. కొత్తపేట నుంచి అమలాపురం దాకా ప్రతి వంతెన దగ్గరా హారను. మా అమ్మాయి ఏడుస్తుందేమోనని నేను చేతిరుమాలు పట్టుకుని కూర్చున్నాను. అది దారి పొడుగునా నానమ్మతో కబుర్లు చెబుతూనే ఉంది.

మండపం గుమ్మంలో హారతి పళ్లెం పట్టుకుని మా పిన్నత్తగారు, అంటే చినమావయ్యగారి భార్య, నిలబడి ఉన్నారు. కారు ఆగింది. పిన్నత్తగారు పళ్లెం ఎత్తలేదు. స్టీరింగు దగ్గరున్న మనిషి దిగి పక్కకి వెళ్తే హారతి ఇద్దామని ఆగారు. సన్నాయివాళ్లు కూడా ఎందుకో ఆపేశారు. అత్తగారు ఇంజను ఆపి, అద్దం దించి, "నేను దిగనమ్మా. దిగాల్సిన పని నేనేం చెయ్యలేదు. ఇలాగే ఇవ్వు," అన్నారు.

కర్పూరం కరిగిపోతోంది. అందరూ చినమావయ్యగారి వంక చూశారు. ఆయన కారు వంక చూస్తున్నారు. కళ్లు మూసుకోలేదు. నేను తలుపు తీసుకుని దిగి పిన్నత్తగారి చేతిలోంచి పళ్లెం తీసుకున్నాను. నా కూతురికీ, దాని నానమ్మకీ, ఆ కారుకీ కలిపి హారతి తిప్పాను. అప్పుడు సన్నాయి అందుకుంది. లోపల తలంబ్రాలప్పుడు ఆవిడ మొదటి వరసలో కూర్చున్నారు, ఎవరూ లేవమనలేదు.

ఆ తరవాత కొన్నేళ్లు ఆవిడ ఆ కారు నడిపారు. చివరి ఏడాది కళ్లు మసకబారి మానేశారు గానీ, రోజూ సాయంత్రం వెళ్లి అందులో కూర్చుని పేపరు మడిచి విసురుకునేవారు. నన్ను నేర్చుకోమనేవారు. "చిన్న కారు వచ్చు కదండీ," అని తప్పించుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ కారంటే నాకు భయం. దానికేమైనా అయితే ఆవిడకి ఏం చెప్పుకోవాలి?

ఆవిడ పోయిన పదకొండో రోజున భోజనాలయ్యాక చినమావయ్యగారి అబ్బాయి ఒక మనిషిని వెంటపెట్టుకొచ్చాడు. పెళ్లిళ్లకి కార్లు అద్దెకిచ్చే ఆయనట. ఆయన కారు చుట్టూ తిరిగి, కప్పు మీద వేళ్లతో తట్టి, "బండి బాగుందండి. మనం తెలుపు కొట్టిస్తే సీజన్లో ఖాళీ ఉండదండి," అన్నాడు. మా ఆయన నా వంక చూశారు. చినమావయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకి ఇప్పుడు ఎనభై. నన్ను పిలిచి, "తాళాలు నీ దగ్గరే ఉన్నాయా అమ్మా?" అని అడిగారు.

"ఉన్నాయండి," అన్నాను.

"అయితే ఆ అద్దెకార్లవాడినెందుకు మాట్లాడనిస్తున్నావు?" అన్నారు.

నేను వెళ్లి తలుపు తీసి కూర్చున్నాను. అత్తగారు ఐదడుగులు కూడా లేని మనిషి. సీటు అంతా ముందుకి జరిపి ఉంది. నా మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి, బొటనవేళ్లు పెడళ్ల మీద మడతపడ్డాయి. ఇంజను మూడోసారికి అందుకుంది. అద్దెకార్లాయన ఇంకా బండి ముందరే నిలబడి ఉన్నాడు. "కొంచెం పక్కకి జరగండి, బయటికి తీయాలి," అన్నాను. మా ఆయన కిటికీ దగ్గరికొచ్చి వంగి, "అలా ఎలా నడుపుతావు? ముందు సీటు వెనక్కి జరుపుకో," అన్నారు.

జరపనన్నాను. మోకాళ్లు కొట్టుకుంటూనే గేటు దాటించి, వంతెన దగ్గర హారను కొట్టాను.